మద్రాసు వార్డులో మడి

నా పెళ్ళయిన మొదటి వారంలోనే మా అత్తమ్మకూ నాకూ మడి దగ్గర చెడింది. ఇద్దరం వైష్ణవ కుటుంబాల్లో పుట్టినవాళ్ళమే. కానీ చిత్తూరులో మా నాయన బడిపంతులు. మా ఇంట్లో మడి అనేది తద్దినాలకూ పండగలకూ అటక మీదనుంచి దించే గంగాళం లాంటిది, మిగతా రోజుల్లో కనిపించేది కాదు. తిరుపతిలో అత్తగారింట్లో అది రోజూ ఉండేది. తెల్లవారకముందే అత్తమ్మ పెరట్లో తలమీద నీళ్ళు గుమ్మరించుకుని తడిచీరతో వంటింట్లోకి వెళ్ళిందంటే, వంట పూర్తయి పెరుమాళ్ళకు తళిగ, అంటే నైవేద్యం, సమర్పించేదాకా ఆమెను ఎవరూ ముట్టుకోకూడదు. ఆమె గిన్నెలు ముట్టుకోకూడదు, ఆమె ఆరేసుకున్న బట్ట ముట్టుకోకూడదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక పొద్దున, కాఫీపొడి ఎక్కడుందని అడుగుతూ నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను. ఆమె ఒక్క మాట అనకుండా వెళ్ళి మళ్ళీ స్నానం చేసి వచ్చింది. నాలుగు తిట్టి ఉంటే నాకంత ఒళ్ళు మండేది కాదు.

నాది మొదటినుంచీ ముక్కుమీద కోపం. పైగా బడిలో లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి ప్రతిదానికీ కారణం కావాలి. మనిషిని మనిషి ముట్టుకుంటే అన్నం ఎలా చెడిపోతుందో చెప్పమని అడిగేదాన్ని. కారణాలు అడిగేవాళ్ళు వంట చెయ్యలేరని ఆమె అనేది. మా ఆయన గుడి ఆఫీసులో ఉద్యోగి. మా మాటలు పెరిగే సమయానికి సరిగ్గా ఆయనకు ఏదో ఒక పని గుర్తొచ్చి స్కూటరు బయటికి తీసేవాడు.

పాప పుట్టాక కూడా ఈ తగాదా అలాగే సాగింది. పాకడం నేర్చుకున్నది మొదలు అది వంటింటి గడప దగ్గర కూర్చుని అవ్వతో కబుర్లు చెప్పేది. గడప దాటకూడదని దానికి ఎవరు నేర్పారో తెలియదు. అత్తమ్మ లోపలినుంచి ఒక వంకాయను నేలమీద దొర్లించి పంపేది, ఇది గడప అవతల అందుకుని ఆడుకునేది. తిరిగి పంపకూడదు, మైల. నాకు చూసి చూసి విసుగొచ్చేది.

పాపకు మూడో ఏడు నిండకముందే జబ్బు బయటపడింది. పొద్దున లేవగానే వాంతి చేసుకునేది, మధ్యాహ్నానికి మామూలుగా ఆడుకునేది. నులిపురుగులని ఒకరూ, దిష్టి అని ఒకరూ అన్నారు. తర్వాత నడకలో తేడా వచ్చింది, ఒక పక్కకు ఒరుగుతూ నడిచేది. మా ఊళ్ళోని పిల్లల డాక్టరు దాన్ని తలుపు దగ్గరనుంచి తన బల్లదాకా నడిపించి చూశాడు. ఇంకేమీ అడగకుండా స్కానింగుకు పంపాడు. మెదడు వెనక భాగంలో, చిన్నమెదడు దగ్గర, గడ్డ ఉందని తేలింది. గుండె జారిపోయింది అనే మాట నేను అంతకుముందు చాలాసార్లు వాడి ఉంటాను. అది ఎలా ఉంటుందో ఆ సాయంత్రం తెలిసింది.

మద్రాసులో ఒక పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి గడ్డను చాలావరకు తీసేశారు. తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడిన డాక్టరమ్మ సత్యవేడు దగ్గరి మనిషి. అరవం కలిసిన తెలుగు, నెరిసిన జుట్టు, తొందరలేని గొంతు. మూడేళ్ళు నిండని బిడ్డ తలకు రేడియేషన్ ఇస్తే ఎదుగుతున్న మెదడు దెబ్బతింటుందనీ, అందుకని మందులతోనే, అదీ చాలా గట్టి మందులతో, ఈ జబ్బును తరమాలనీ చెప్పింది. ఆ మందులు మిగిలిన గడ్డతోపాటు ఎముకల్లో రక్తం తయారయ్యే మూలుగను కూడా నాశనం చేస్తాయట. అందుకని ముందే బిడ్డ రక్తంలోంచి మూలకణాలు తీసి గడ్డకట్టించి దాచిపెడతారు. మందు పని పూర్తయ్యాక వాటిని మళ్ళీ బిడ్డకే ఎక్కిస్తారు.

"చేనంతా మొండి కలుపు పట్టిందనుకోండమ్మా. ముందు మంచి విత్తనం తీసి దాపెట్టుకుంటాం. తర్వాత చేనును కాల్చేస్తాం. కాల్చినాక మన విత్తనమే మళ్ళీ చల్లుకుంటాం" అని చెప్పింది.

విత్తనం మొలవకపోతే ఏమవుతుందని నేను అడిగాను. మొలుస్తుందనే చల్లుతామని ఆమె చెప్పింది. ఆ జవాబు నాకు నచ్చలేదు. కానీ ఆమె అబద్ధం చెప్పలేదని మాత్రం నచ్చింది.

మందులు మొదలయ్యాయి. కొన్నాళ్ళు మద్రాసులో, కొన్నాళ్ళు తిరుపతిలో. రెండో విడతకే పాప జుట్టంతా రాలిపోయింది. మద్రాసులో ఆసుపత్రి బయట అడుగుపెడితే జనం దాని తలను చూసి, తర్వాత నా మొహం చూసి, చూపు తిప్పుకునేవాళ్ళు. తిరుపతి బస్టాండులో దిగామంటే నా ప్రాణం హాయిగా ఉండేది. ఈ ఊళ్ళో బోడిగుండుకు ఎవరూ కారణం అడగరు. ఆటోవాడు దర్శనం బాగా జరిగిందా అని అడిగేవాడు, బాగా జరిగిందని నేను చెప్పేదాన్ని. పాపకైతే ఊరంతా తన జట్టే అనిపించింది. దారిలో కనిపించిన ప్రతి గుండునూ వేలుపెట్టి చూపించేది. ఒకసారి చిత్తూరు పోయే బస్సులో పక్కన కూర్చున్న పెద్దమనిషిని, తలనిండా గంధం పూసుకున్నవాణ్ణి, జాలిగా చూసి అడిగింది.

"తాతా, నీకు గూడా మందెక్కించినారా?"

ఆయనకు ఏం అర్థమైందో, కొండమీద ఎక్కించారమ్మా అని నవ్వుతూ చెప్పాడు. నొప్పి తగ్గిపోతుందిలే అని ఇది ధైర్యం చెప్పింది. నేను కిటికీ వైపు తిరిగి పూతలపట్టు దాటేదాకా నవ్వాను. ఆ జబ్బు రోజుల్లో నేను అంతగా నవ్వి ఉంటానని ఎవరూ నమ్మరు. కానీ నిజంగానే నవ్వాను.

కణాలు తీసిన రోజు పాప మంచం పక్కన ఒక యంత్రం పెట్టారు. రక్తం ఒక గొట్టంలోంచి వెళ్ళి, కావలసినవి ఒక సంచిలో వదిలిపెట్టి, ఇంకో గొట్టంలోంచి తిరిగి వచ్చేది. పాప బొమ్మల పుస్తకం చూస్తూ పడుకుంది. అత్తమ్మ మాత్రం రెప్ప వెయ్యకుండా ఆ సంచినే చూస్తూ కూర్చుంది. చివరికి, దాన్ని ఎక్కడ దాస్తారు, ఎవరు ముట్టుకుంటారు, ఆ చలిపెట్టెలో ఇంకేమైనా పెడతారా అని నర్సును ఒక్కొక్కటే అడిగింది. ఎవరూ ముట్టుకోరనీ, తాకకుండానే అంతా జరుగుతుందనీ నర్సు చెబితే ఆమె తృప్తిగా తల ఊపింది.

అసలు పరీక్ష దాని తర్వాత. గట్టి మందు ఇచ్చి, కణాలు ఎక్కించి, అవి మొలకెత్తేదాకా పాపను ఒక ప్రత్యేకమైన గదిలో ఉంచాలి. ఆ రోజుల్లో దాని ఒంట్లో రోగాన్ని ఎదిరించే తెల్లకణాలు అసలు ఉండవు. మామూలు జలుబు చాలు, ప్రాణం మీదికి రావడానికి. లోపల తోడుగా ఒక్కరే ఉండాలి, అది నేను. ఆసుపత్రి వెనక వీధిలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాం. అక్కడ వండేది అత్తమ్మ, మోసుకొచ్చేది మా ఆయన, ఒక్కోసారి ఆమె కూడా వెంట వచ్చేది.

గదిలోకి వెళ్ళడానికి ముందు, తిండి సంగతి చూసే అమ్మాయి ఒకతె మమ్మల్ని పిలిచింది. చిన్నపిల్ల, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది. నియమాలు చెప్పడం మొదలుపెట్టింది. వంట చేసే మనిషి తలస్నానం చేసి, ఉతికిన బట్ట కట్టుకోవాలి. బిడ్డకు గిన్నెలు విడిగా ఉండాలి, వాటిని ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఎప్పటిదప్పుడు వండాలి, చద్దిది పెట్టకూడదు. బయట కొన్నది పెట్టకూడదు. వండేటప్పుడు రుచి చూడకూడదు. వంటగదిలోకి పరాయివాళ్ళు రాకూడదు. నీళ్ళు బాగా మరగకాచి చల్లార్చాలి. పచ్చి కాయలు, పండ్లు, ఆకులు, పువ్వులు దగ్గరికి రానివ్వకూడదు.

అత్తమ్మ ఒక్కో మాటకూ తల ఊపుతూ విన్నది. అంతా అయ్యాక ఆ అమ్మాయితో అరవంలో, ఇవన్నీ ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నానని చెప్పింది. తర్వాత మెల్లగా నా వైపు తిరిగింది.

"ఇదంతా మడే కదమ్మా" అంది.

ఇన్నేళ్ళ వాదనలో ఆసుపత్రే వచ్చి ఆమె పక్కన నిలబడింది. మా ఆయన పైకప్పులో ఫ్యాను తిరుగుతున్నదీ లేనిదీ పరిశీలించడం మొదలుపెట్టాడు. అత్తమ్మ ఆ నియమాల్లో ఒక్కదాన్నే ఒప్పుకోలేదు, పెరుగు వద్దన్నదాన్ని. వైష్ణవుల ఇంట్లో బిడ్డకు పెరుగన్నం లేకుండా పూట ఎలా గడుస్తుందని ఆ అమ్మాయితో చాలాసేపు పోట్లాడింది. ఓడిపోయింది. నాకు కొంత ఊరట కలిగింది.

గదిలోకి వెళ్ళాక మా పాప ఆ మాటను వార్డంతా పాకించింది. లోపలికి ఎవరొచ్చినా చేతులు కడుక్కుని, ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని, పైన ఆకుపచ్చ అంగీ వేసుకుని రావాలి. పాపకు ఇది అవ్వ చేసే పనిలాగే అనిపించింది. తలుపు తెరుచుకోగానే మంచం మీదనుంచే మడి మడి అని కేకపెట్టేది. డాక్టరమ్మ చేతులెత్తి చూపించి, తడిచేతులే, మడే అని చెప్పాకే దగ్గరికి రానిచ్చేది. కేరళనుంచి వచ్చిన నర్సు ఒకామె ఈ మాటను ఎంత ఇష్టపడిందంటే, కొత్తగా వచ్చిన నర్సులకు ఈ గది మడి అని చెప్పి పంపేది. ఆమె మెడలో చిన్న శిలువ ఉండేది. మా అత్తమ్మ వంట తెచ్చినప్పుడు గాజు కిటికీ అవతలనుంచి ఆమెను చూసి, ఆ పిల్ల మడి బాగా పాటిస్తుందని మెచ్చుకుంది. మా ఇంటి చుట్టాల్లో ఆ మెప్పు పొందినవాళ్ళు నాకు తెలిసి లేరు.

కణాలు తిరిగి ఎక్కించిన రోజు మరో తమాషా జరిగింది. గడ్డకట్టిన సంచిని కరిగించి, చిన్న గొట్టం గుండా ఒంట్లోకి పంపారు. అవి చెడిపోకుండా కలిపిన మందు ఒకటుంది, అది ఊపిరిలోంచీ చెమటలోంచీ బయటికి వస్తుందట. దాని వాసన అచ్చం వెల్లుల్లి. గదంతా వెల్లుల్లి, పాప ఒళ్ళంతా వెల్లుల్లి, దాని దుప్పటి వెల్లుల్లి. మా అత్తమ్మ జీవితంలో ఆమె వంటింట్లోకి రానివ్వని పదార్థాల్లో ఉల్లిపాయ రెండోది, వెల్లుల్లి మొదటిది. తలుపు తెరిచి మూసినప్పుడు ఆమె ముక్కుకు వాసన తగిలింది. బిడ్డకు ఏం పెట్టారని కంగారుగా అడిగింది. తిండి కాదు, ప్రాణం పోసే కణాల వాసన అది అని నర్సు వివరించింది. అత్తమ్మ ముక్కుకు అడ్డం పెట్టుకున్న కొంగు తీసేసి, బాగా గాలి పీల్చి, మంచి వాసనేలే అంది.

అక్కణ్ణుంచి ఎదురుచూపు మొదలైంది. రోజూ రక్తం తీసి చూసేవాళ్ళు, తెల్లకణాలు వచ్చాయా లేదా అని. మా చుట్టాలందరికీ కౌంటు అనే మాట వచ్చేసింది. బంగారుపాళ్యంలో మామిడితోటలున్న మా పెద్దమామయ్య రోజూ సాయంత్రం మా ఆయన సెల్‌ఫోనుకు చేసి, స్కోరు అడిగినట్టు కౌంటు అడిగేవాడు. ఏమీ లేదని చెబితే, వికెట్టు పడకుంటే చాలు అనేవాడు. పాప నోరంతా పుండ్లు పడ్డాయి. మింగలేక ఏడ్చేది. ఏడుపు అయిపోయాక, తన బొమ్మకు కూడా నోరు పుండని చెప్పి దానికి దూదితో నోరు తుడిచేది.

ఒక మధ్యాహ్నం నేను నిద్రలేక తూలుతున్నానని నర్సు నన్ను బయటికి తరిమింది. అత్తమ్మకు అంగీ తొడిగి, చేతులు కడిగించి లోపల కూర్చోబెట్టారు. నేను అద్దె ఇంటికి వెళ్ళి పడుకున్నాను. ఆ మర్నాడు పాపకు జ్వరం వచ్చింది.

తెల్లకణాలు లేని ఒంట్లో జ్వరమంటే ఏమిటో డాక్టరమ్మ మొహం చూస్తేనే తెలిసింది. క్షణాల్లో గదినిండా మనుషులు, సీసాలు. బిడ్డ నోట్లోకి ఏమేం పోయిందో అన్నీ చెప్పమన్నారు. నేను వరసగా చెప్పాను. అంతా ఉడికించిందే, అంతా కాచిందే. అప్పుడు పాప కళ్ళు మూసుకునే, నీరసంగా అంది.

"అవ్వ తీర్థం ఇచ్చింది."

పొద్దున ఆరాధనలో తులసిదళం వేసిన నీళ్ళు. చిన్న వెండి గిన్నెలో పోసి, రొంటిన దోపుకుని తెచ్చిందట. నేను గదిలోంచి బయటికి వచ్చాను. వరండాలో అన్నం క్యారియరు ఒళ్ళో పెట్టుకుని అత్తమ్మ కూర్చుని ఉంది. నేను ఏం అన్నానో అన్నీ ఇక్కడ రాయను. నా నోటికి వచ్చినదంతా అన్నాను, అరవంవాళ్ళు కూడా ఆగి చూశారు. పచ్చినీళ్ళు వద్దని అంత చెప్పినా బిడ్డ నోట్లో ఎలా పోశావని అడిగాను. ఆమె నన్ను నిజంగానే అర్థంకానట్టు చూసింది.

"తీర్థం నీళ్ళెట్లయితాదమ్మా?" అంది.

ఆమె మొండికేసి అనలేదు. ఆమెకు తెలిసిన లోకంలో ఇంటిలోని నీళ్ళన్నీ కాచింది, ప్రతి గిన్నెనూ మరిగించింది, పచ్చిమిరపకాయను కూడా కంటితో చూడలేదు. తీర్థం ఈ లెక్కలోకి రాలేదు, అంతే. మరిగించడం మైలను పోగొట్టడానికి. మైలే లేనిదాన్ని మరిగించాలని ఎవరికి తోస్తుంది? ఇది నాకు ఇప్పుడు తెలుస్తున్నది. ఆ రోజు నాకు తెలిసింది ఒక్కటే, లోపల నా బిడ్డ ఒళ్ళు కాలిపోతున్నది. ఆమె క్యారియరు అక్కడే పెట్టి లేచి వెళ్ళిపోయింది.

పరీక్షలో దొరికిన క్రిమి మనుషుల పేగుల్లో మామూలుగానే ఉండేదని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. మందుల దెబ్బకు పేగులు పుండుపడి, అక్కణ్ణుంచే రక్తంలోకి వచ్చి ఉండొచ్చు. తీర్థంవల్లే అని చెప్పలేం, కాదని కూడా చెప్పలేం, పెద్దామెను ఇంక ఏమీ అనొద్దు అంది. మా ఆయనకు చెప్పి పంపాను. అత్తమ్మ విని మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయిందని ఆయన వచ్చి చెప్పాడు. వంట మాత్రం వేళకు వచ్చేది. పాప తినకపోయినా వచ్చేది.

జ్వరం ఇంకా పూర్తిగా వదలని ఒక పొద్దున, స్నానం చేసి రావడానికి నేను అద్దె ఇంటికి వెళ్ళాను. అత్తమ్మ తిరుపతినుంచి తన పెరుమాళ్ళను చిన్న పెట్టెలో వెంట తెచ్చుకుంది. వంటగది మూల చెక్కపీట మీద ఆయన సాళగ్రామ రూపంలో ఉండేవాడు. ఆ పొద్దున చూస్తే పీట మీద పూవు లేదు, తులసి లేదు, అరటిపండు లేదు. కుక్కరు మూత తీసి, అందులోంచి నేరుగా మెత్తటి అన్నం ఆయన ముందు పెట్టింది. పక్కన కాచిన నీళ్ళ గిన్నె, ఇంకా పొగలు వస్తున్నాయి. అందులోంచే ఉద్ధరిణితో ఆయనకు తీర్థం సమర్పిస్తున్నది. నేను గడప దగ్గరే నిలబడిపోయాను. ఇదేమిటని అడిగాను.

ఆమె నా వైపు తిరగలేదు. "బిడ్డ తాగలేని నీళ్ళు ఈయనకు మాత్రం ఏంటికి? బిడ్డకు పథ్యమైతే ఈయనకూ పథ్యమే. తాగనీ, కాచినవే" అంది.

ముప్ఫై ఏళ్ళుగా ఆయనకు వెన్న, పాలు, పండు, పూలు పెట్టిన మనిషి ఆయన్ను ఆసుపత్రి తిండిలో పెట్టేసింది. నాకు నవ్వు ఆగలేదు. ఆమె కోపంగా తిరిగి చూసి, నా మొహం చూసి, తనూ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ నిమిషంలో ఆమె మీద నాకు ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను, మా అమ్మ మీద కూడా ఎప్పుడూ అంత కలగలేదు. తుడుచుకున్నాక, పెరుగు కూడా మానేశాడా అని అడిగాను. ఆయన అలిగినాడు గానీ ఒప్పుకున్నాడని చెప్పింది.

జ్వరం తగ్గింది. ఆ తర్వాత ఒకరోజు కేరళ నర్సు చేతులు కడుక్కోవడం కూడా మరిచిపోయినంత తొందరగా తలుపు దగ్గరికి వచ్చింది. పాప మడి మడి అని అరిచింది. ఆమె వెనక్కి వెళ్ళి కడుక్కుని వచ్చి, కౌంటు కనబడిందని చెప్పింది. మర్నాటికి పెరిగింది, ఆ మర్నాటికి ఇంకా పెరిగింది. విత్తనం మొలిచింది. మా పెద్దమామయ్య ఫోనులో సెంచరీ కొట్టినట్టు అరిచాడట, మామిడి మండీలో వాళ్ళందరికీ టీ ఇప్పించాడట.

మేం తిరుపతి వచ్చేసరికి పాప సన్నబడి, కళ్ళు మాత్రమే మిగిలినట్టు ఉంది. కొన్ని నెలలదాకా జనంలోకి పోకూడదు, ఇంటికి జనం రాకూడదు అన్నారు. తిరుపతిలో ఇల్లున్నవాళ్ళకు ఇది ఎంత కష్టమో ఇక్కడివాళ్ళకే తెలుసు. కొండకు వచ్చే చుట్టం ప్రతి ఒక్కరూ మన ఇంట్లో దిగాల్సిందే, వాళ్ళ వెంట వాళ్ళ పక్కింటివాళ్ళు కూడా. అత్తమ్మ అన్నేళ్ళూ వాళ్ళందరికీ వండి పెట్టింది. ఇప్పుడు గేటు దగ్గర కుర్చీ వేసుకుని, లోపల మడి, సత్రానికి పోండి అని తనే పంపేది. కొందరు అలిగారు. సత్యవేడునుంచి వచ్చిన ఒక చుట్టం, పసిబిడ్డకు మడేమిటని ఎగతాళి చేశాడు. "నాకన్నా దానికే ఎక్కువ మడి" అని ఆమె గేటు గడియ వేసింది. బంగారుపాళ్యంనుంచి మామిడిపండ్ల బుట్ట వస్తే తొక్క తీసి కుక్కరులో ఉడికించింది. అలాంటి మామిడిపండు లోకంలో ఎవరూ తిని ఉండరు. పాప చెంచాతో తిని ఇంకా కావాలంది.

అయితే పాపను ఎత్తుకోవడం, ముద్దు పెట్టుకోవడం మా ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ లేదు. అది కూడా చేతులు కడుక్కున్నాకే. ఇంట్లో అందరికన్నా గట్టిగా ఈ నియమం పట్టుకున్నది అత్తమ్మే. తీర్థం సంగతి తర్వాత ఆమెకు తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది. పాపకు అన్నం కలిపి గిన్నె నేలమీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి కూర్చునేది. అది తింటుంటే చూసేది. అది కథ అడిగితే అక్కడినుంచే చెప్పేది. ఒక్కసారి ఎత్తుకో అత్తమ్మా, చేతులు కడుక్కున్నావుగా అని నేనే చెప్పాను. వద్దులే, ఇంకా కొన్నాళ్ళు పోనీ అనేది.

పాప తలమీద నూగులాగ జుట్టు వచ్చి, అది రింగులు తిరిగాక, మద్రాసుకు మళ్ళీ స్కానింగుకు వెళ్ళాం. డాక్టరమ్మ ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. గడ్డ లేదు. రక్తం బాగుంది. మందుల్లో ఒకటి చెవులను కొంత తిన్నదని, అందుకని చిన్న యంత్రం పెట్టించమని చెప్పింది. ఇప్పటికీ అది చెవిలో ఉంటుంది, నేను తిట్టడం మొదలుపెట్టగానే మా అమ్మాయి దాన్ని తీసి బల్లమీద పెడుతుంది. ఇంక ఏం జాగ్రత్తలు తీసుకోవాలని ఆ రోజు నేను డాక్టరమ్మను అడిగాను. బడికి పంపండి, మట్టిలో ఆడుకోనివ్వండి, పెరుగన్నం పెట్టండి, అందరినీ ముట్టుకోనివ్వండి అంది. సాయంత్రం బస్సులో తిరుపతి వచ్చి ఇంట్లో అందరికీ చెప్పాం. అత్తమ్మ విన్నది, దణ్ణం పెట్టుకుంది, పెరుగు తోడు వేసింది. పాప అప్పటికే నిద్రపోయింది.

తెల్లవారి నేను లేచేసరికి పాప పక్కలో లేదు. వెతుక్కుంటూ వస్తే వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. లోపల అత్తమ్మ తడిచీరతో, పెరుమాళ్ళ ముందు అన్నం దించి పెట్టి, తులసిదళం చేతిలోకి తీసుకుంటున్నది. పాప తన రెండు చేతులూ గౌనుకు తుడుచుకుంది. ముందుకు చాచి, ఇటూ అటూ తిప్పి చూపించింది, వార్డులో డాక్టరమ్మ చూపించినట్టే.

"అవ్వా, నీకు మడా, నాకు మడా?" అని అడిగింది.

అత్తమ్మ చేతిలో తులసి అలాగే ఉండిపోయింది. పాపను చూసింది, పెరుమాళ్ళను చూసింది. తళిగ ఇంకా సమర్పించలేదు. తులసిదళాన్ని పళ్ళెంలో పెట్టేసి, గడప వైపు చేతులు చాచింది.

"మనిద్దరికీ మడి అయిపోయింది, నా తల్లీ. రా" అంది.

అది గడప దాటి పరుగెత్తింది. ఆమె కింద కూర్చుండిపోయి దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. తల నిమిరింది, బుగ్గలు నిమిరింది, చెవులు, వేళ్ళు, పాదాలు, ఒక్కొక్కటే ముట్టుకుని చూసుకుంది. దాని గౌను తడిచీరకు అంటుకుని ముద్దయిపోయింది. జలుబు చేస్తుందని నాకు అలవాటు భయం. తువ్వాలు తీసుకుని లోపలికి వెళ్ళబోయాను. ఇద్దరూ ఒకేసారి తలెత్తి, నేను ఇంకా స్నానం చెయ్యలేదని, దగ్గరికి రావద్దని చెప్పారు.